లారీ కదిలేలోపే లెక్క తేలాలి: చంద్రపూర్ సరిహద్దులో ఇల్లు ఖాళీ చేసేవారు అడ్వాన్సు తిరిగి రాబట్టుకునే విధానం

రాజురాలో మా అద్దె ఇంటి ముందు సామాను ఎక్కించిన లారీ కదలబోతుండగా ఇంటి యజమాని వచ్చి తాళాలు తీసుకొని, "మీ అనామత్ (అడ్వాన్సు) వారం రోజుల్లో ఫోన్‌లో వేసేస్తాను, నిశ్చింతగా వెళ్లండి" అన్నారు. ఆ మాట నమ్మి మేము మంచిర్యాల వెళ్లిపోయాము. వారం కాస్తా నాలుగు నెలలయింది. రెండుసార్లు బల్లార్షాలో రైలు దిగి, వార్ధా వంతెన దాటి రాజురా వెళ్లి అడిగిన తరువాత, మేము కట్టిన 20,000 రూపాయలలో 13,500 మాత్రమే చేతికి వచ్చాయి. మిగిలిన 6,500 ఇంటికి రంగులు వేయించిన ఖర్చు కింద పోయాయి. అదేమని అడిగితే ఆయన ఒప్పంద పత్రం తెచ్చి, అందులో మరాఠీలో ఉన్న ఒక వాక్యం మీద వేలు పెట్టి చూపించారు. ఆ పేజీ అడుగున నా సంతకం ఉంది. సంతకం చేసిన రోజున ఆ వాక్యాన్ని నేను చదవలేదు.

చంద్రపూర్, బల్లార్షా, రాజురా, గడ్‌చాందూర్ పట్టణాలలో బొగ్గు గనుల పనికో, కాగితం మిల్లుకో, సిమెంటు కర్మాగారాలకో, రైల్వే ఉద్యోగానికో వచ్చి అద్దె ఇళ్లలో కాపురముంటున్న తెలుగు కుటుంబాలు అనేకం. నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, దెగ్లూర్, కిన్వట్‌లలోనూ, గడ్చిరోలి జిల్లా సిరొంచలోనూ మనవాళ్లు ఇలాగే ఉన్నారు. మనం ఇల్లు మారడమంటే చాలాసార్లు రాష్ట్రం మారడమే. కాగజ్‌నగర్‌కో, మంచిర్యాలకో, ఆదిలాబాద్‌కో, నిజామాబాద్‌కో వెళ్లిపోతాము. ఇల్లూ, యజమానీ, డబ్బూ మాత్రం మహారాష్ట్రలో ఉండిపోతాయి. ఇల్లు అక్కడ ఉంది కాబట్టి అద్దె విషయంలో వర్తించేది మహారాష్ట్ర చట్టమే. డబ్బు కోసం దావా వేయవలసి వచ్చినా, యజమాని నివసించే చోట లేదా ఒప్పందం జరిగిన చోట ఉన్న కోర్టుకే వెళ్లాలి కాని, మనం కొత్తగా చేరిన ఊరి కోర్టులో వేయడానికి వీలుండదు. అందువల్ల ఒకే ఊళ్లో ఒక వీధి నుంచి ఇంకో వీధికి మారేవారి కంటే మనం ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. సామాను సరిహద్దు దాటకముందే లెక్క తేలిపోవాలి. అలా తేలడానికి చేయవలసిన పనులన్నీ, ఇంట్లో చేరిన రోజు నుంచి వరుసగా చెబుతాను.

ఒప్పందంలోని మరాఠీ మాటలు

ఇక్కడ ఒప్పందాలు ఎక్కువగా మరాఠీలో, కొన్ని ఆంగ్లంలో ఉంటాయి. చాలావరకు పదకొండు నెలల లీవ్ అండ్ లైసెన్స్ పత్రాలే, అంటే కిరాయి హక్కు ఇవ్వకుండా, కొంతకాలం ఉండటానికి యజమాని అనుమతి మాత్రమే ఇచ్చే పత్రాలు. మరాఠీ చక్కగా మాట్లాడగలిగిన మనవాళ్లు కూడా స్టాంపు కాగితం మీది మరాఠీ చదవలేక ఇబ్బంది పడతారు. ఇంట్లో మరాఠీ మాధ్యమంలో చదువుకునే పిల్లలు ఉంటే వారి చేత ప్రతి వాక్యం గట్టిగా చదివించుకోండి. అందులో 'అనామత్ రక్కమ్' అన్న చోట మనం కట్టిన అడ్వాన్సు మొత్తం అంకెలలోనూ అక్షరాలలోనూ ఉండాలి. 'పరత్' అన్న మాట కనిపించిన వాక్యం ఆ డబ్బును ఎప్పుడు, ఏ షరతు మీద తిరిగి ఇస్తారో చెబుతుంది. 'ముదత్' అంటే గడువు. 'తాబా' అంటే స్వాధీనం. ఇల్లు అప్పగించే సంగతి అక్కడ ఉంటుంది. 'దురుస్తీ' అంటే మరమ్మతు, 'నుక్సాన్ భర్‌పాయీ' అంటే నష్టపరిహారం, 'వీజ్ బిల్' అంటే కరెంటు బిల్లు, 'పాణీపట్టీ' అంటే నీటి పన్ను. నన్ను దెబ్బతీసిన మాట 'రంగ్‌రంగోటీ', అంటే రంగులు వేయించడం. ఖాళీ చేసేటప్పుడు రంగ్‌రంగోటీ ఖర్చు 'భాడేకరూ', అంటే అద్దెకున్నవారు, భరించాలని అందులో రాసి ఉంది.

అటువంటి షరతు కనిపిస్తే చేరే రోజునే మాట్లాడుకోవాలి. కొట్టివేయడానికి యజమాని ఒప్పుకోకపోతే, కనీసం ఎంత మొత్తం వరకు మినహాయించుకోవచ్చో అంకె వేయించుకోండి. అంకె లేని షరతు మీద చివరి రోజున బేరం చేయడం చాలా కష్టం. పత్రంలో 'లాక్-ఇన్' గడువు ఉందేమో కూడా చూసుకోవాలి. ఆ గడువుకు ముందే ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె అడ్వాన్సులో కోసుకోవచ్చని కొన్ని పత్రాలలో రాసి ఉంటుంది. బదిలీలుండే ఉద్యోగులు దీనికి ఒప్పుకోకపోవడమే మంచిది.

ఒప్పందం రిజిస్టరు కాకుండా, నోటరీ ముద్రతోనే ఉన్నా కంగారు పడవద్దు. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999, 55వ సెక్షను ప్రకారం, ఆ చట్టం వర్తించే ప్రాంతాలలో, లీవ్ అండ్ లైసెన్స్ అయినా కిరాయి అయినా ఒప్పందం రాతపూర్వకంగా ఉండి రిజిస్టరు కావాలి. రిజిస్టరు చేయించే బాధ్యతను చట్టం యజమాని మీదనే పెట్టింది; చేయించకపోతే మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. అంతకంటే మనకు ముఖ్యమైన మాట ఇంకొకటి అందులో ఉంది. రిజిస్టరు అయిన ఒప్పందం లేనప్పుడు, ఏ షరతుల మీద ఇల్లు ఇచ్చారన్న విషయంలో అద్దెకున్నవారు చెప్పినదే, కాదని రుజువయ్యే వరకు, నిలబడుతుంది. ఈ సంగతిని యజమానిని బెదిరించడానికి వాడమని నేను చెప్పను. అయితే అడ్వాన్సు గురించి ఆయన కొత్త షరతులు చెప్పడం మొదలుపెట్టినప్పుడు ఈ సెక్షనును మర్యాదగా గుర్తు చేయడం మన హక్కు.

అడ్వాన్సు మొత్తాన్ని బ్యాంకు ద్వారానే చెల్లించండి. 20,000 రూపాయలు, అంతకు మించిన డిపాజిట్లను నగదుగా పుచ్చుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది కాబట్టి, బ్యాంకులో వేస్తామంటే అది యజమానికి కూడా రక్షణే. చిన్న మొత్తం నగదుగా ఇవ్వవలసి వస్తే 'పావతీ', అంటే రశీదు, తప్పక తీసుకోవాలి. అద్దె రశీదు వేరు, అడ్వాన్సు రశీదు వేరు అని మరచిపోకండి.

కూలరు మరకలు, దీపపు గూడు

అడ్వాన్సులో కోతలు ఎక్కడ పడతాయో నేను రెండు ఇళ్లు మారిన అనుభవంతో చెప్పగలను. చంద్రపూర్ ఎండలు ఎటువంటివో మనకు తెలుసు. మార్చి నుంచి జూన్ దాకా కూలరు లేకుండా ఇక్కడ ఎవరూ ఉండలేరు. కిటికీకి బిగించిన కూలరు నుంచి నీరు కారి గోడ మీద తెల్లటి ఉప్పు చారలు కడుతుంది, కిటికీ ఇనుప చువ్వలు తుప్పు పడతాయి, కింద గచ్చు మీద పసుపు రంగు మరక నిలిచిపోతుంది. ఇల్లు చూడటానికి వచ్చిన యజమాని కన్ను మొదట పడేది అక్కడే. బల్లార్షాలో రెండో ఇంట్లో చేరినప్పుడు ఆ కిటికీ కింద అప్పటికే ఉన్న జానెడు చారను స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి, ఆ సాయంత్రమే యజమానికి వాట్సాప్‌లో పంపాను. "ఇది మేము రాకముందు నుంచి ఉంది కాకా, చూసి ఉంచండి" అని కింద హిందీలో రాశాను. ఆయన 'సరే' అని జవాబిచ్చారు. మూడేళ్ల తరువాత ఆ ఒక్క 'సరే' మాకు గోడ ఖర్చును తప్పించింది.

రెండో చోటు మన ఇళ్లకే ప్రత్యేకమైనది. దేవుడి గూట్లో రోజూ దీపం పెట్టడం వల్ల పైన నల్లటి మసి పడుతుంది. గడపకు రాసిన పసుపు చెక్కలోకి ఇంకిపోతుంది. తాలింపు పొగకు పొయ్యి పైనున్న టైల్సు మీద జిడ్డు పొరలా కడుతుంది. మనకు శుభంగా కనిపించే ఈ గుర్తులు యజమానికి మరకలుగానే కనిపిస్తాయి. ఇల్లు ఖాళీ చేయడానికి వారం ముందు నుంచే వీటిని సబ్బు నీళ్లతో రోజూ కొంచెం కొంచెంగా తుడవాలి. ఒక్క రోజున గట్టిగా రుద్దితే మసితో పాటు సున్నం కూడా ఊడి వచ్చి, మరక ఉన్న చోట గాయం పడుతుంది. మేకులు దిగిన కన్నాలను గోడ పుట్టీతో పూడ్చి, ఆరిన తరువాత గరుకు కాగితంతో నున్నగా చేయాలి. దీనికి మొత్తం మీద రెండు మూడు వందల కంటే ఎక్కువ కాదు. యజమాని పనివాణ్ణి పెట్టి చేయిస్తే మన లెక్కలో పడేది వేలల్లో ఉంటుంది.

అలాగని ఇంటిని కొత్తదిగా మార్చి ఇవ్వవలసిన బాధ్యత మనకు లేదు. ఆస్తి బదిలీ చట్టం, 1882, 108వ సెక్షను, కిరాయిదారు ఇంటిని తాను తీసుకున్న నాటి స్థితిలో అప్పగించాలని చెబుతూనే, మామూలు వాడకంతో వచ్చే అరుగుదలను, మనిషి ఆపలేని శక్తుల వల్ల జరిగిన మార్పులను అందులోంచి మినహాయించింది. మన పత్రం లీవ్ అండ్ లైసెన్స్ అయితే అందులో రాసుకున్న షరతులకే మొదటి చోటు ఉంటుంది. అయినా ఈ మినహాయింపు చాలా పత్రాలలో ఏదో ఒక రూపంలో ఉంటుంది. నాలుగేళ్లలో రంగు వెలిసిపోవడం, కుళాయి వాషరు అరిగిపోవడం, తలుపు గొళ్లెం వదులు కావడం అరుగుదలే. పగిలిన సింకు, విరిగిన కమోడు మూత, పిల్లలు గోడ మీద గీసిన బొమ్మలు అరుగుదల కావు. వాటి ఖర్చు మనమే పెట్టుకోవడం న్యాయం. న్యాయం కాని కోతను ప్రశ్నించేవారు తమవైన ఖర్చులను ముందే ఒప్పుకుంటే మాటకు విలువ పెరుగుతుంది.

నోటీసు, చివరి నెలల అద్దె

ఖాళీ చేస్తున్నామని నోటితో చెప్పడం చాలదు. ఒప్పందంలో ఎన్ని రోజుల నోటీసు అని ఉందో అన్ని రోజుల ముందు, తేదీ వేసిన కాగితం మీద రాసి ఇచ్చి, రెండో ప్రతి మీద అందినట్లు సంతకం చేయించుకోవాలి. అదే ఉత్తరాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో కూడా పంపాలి. పత్రంలో నోటీసు మాటే లేకపోయి, నెలనెలా అద్దె మీద సాగుతున్న కిరాయి అయితే, ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. నోటీసులోనే అడ్వాన్సు మొత్తాన్ని గుర్తు చేసి, ఫలానా తేదీన తాళాలు అప్పగించేటప్పుడు లెక్క చూసుకుందామని రాయండి. ఈ ఒక్క వాక్యం వల్ల యజమాని డబ్బు సిద్ధం చేసుకోవడానికి నోటీసు గడువంతా దొరుకుతుంది. మన ఊళ్లలో చాలామంది యజమానులు అడ్వాన్సును బ్యాంకులో దాచి ఉంచరు. పై అంతస్తు స్లాబుకో, పెళ్లికో వాడేసి ఉంటారు. ఇవ్వకూడదని కాక, ఆ రోజు చేతిలో లేక ఆలస్యం చేసేవారే వారిలో ఎక్కువ.

"చివరి రెండు నెలలూ అద్దె కట్టకుండా అడ్వాన్సులో కోసుకోమంటే సరిపోతుంది కదా" అని మనవాళ్లు సలహా ఇస్తుంటారు. యజమాని తనంతట తాను ఒప్పుకొని, ఆ మాటను రాసి గాని మెసేజిలో గాని ఇస్తే, సరిహద్దు దాటి వెళ్లేవారికి ఇంతకంటే మంచి మార్గం లేదు. తిరిగి రావలసిన మొత్తం అక్కడికక్కడే తగ్గిపోతుంది. ఆయన ఒప్పుకోకుండా మనమే అద్దె ఆపితే మాత్రం బాకీదారులం అవుతాము. రేపు ఆయన ఏ కోత పెట్టినా "వీళ్లే ముందు అద్దె ఎగ్గొట్టారు" అన్న మాట ఆయన చేతికి మనమే ఇచ్చినట్లవుతుంది. కాబట్టి అడగండి, ఒప్పిస్తే రాయించుకోండి, ఒప్పుకోకపోతే అద్దె ఆపకండి.

తాళాలు ఇచ్చే రోజు

సామాను లారీలోకి ఎక్కుతున్న హడావుడిలో లెక్క చూసుకోవడం కుదరదు. వీలైతే సామాను ముందురోజే పంపించి, ఖాళీ ఇంట్లో యజమానితో కలిసి గది గదికీ తిరగండి. చేరిన రోజు తీసిన ఫోటోలు ఫోన్‌లో తెరిచి పెట్టుకొని, అవే మూలల నుంచి మళ్లీ ఫోటోలు తీయండి. ఇంటి మొత్తానికి ఒక వీడియో తీసి, అందులో కుళాయిలు, లైట్లు, ఫ్యాన్లు పనిచేస్తున్నట్లు చూపించండి.

ఆ రోజున ఎక్కువగా తగవు వచ్చేది కరెంటు బిల్లు దగ్గర. మహావితరణ్ వారి చివరి బిల్లు మనం వెళ్లిన తరువాత గాని రాదు కాబట్టి, "బిల్లు రానివ్వండి, అప్పుడు మిగతాది ఇస్తాను" అని మొత్తం అడ్వాన్సును ఆపేస్తారు. దీనికి అక్కడికక్కడే లెక్క కట్టవచ్చు. మీటరును ఫోటో తీసి, కిందటి బిల్లులోని రీడింగును ఇప్పటి రీడింగు నుంచి తీసివేయండి. ఉదాహరణకు కిందటి బిల్లులో 4,312 ఉండి ఇప్పుడు మీటరు 4,398 చూపిస్తుంటే, వాడినవి 86 యూనిట్లు. కిందటి బిల్లు 140 యూనిట్లకు 1,190 రూపాయలు వచ్చి ఉంటే, స్థిర చార్జీలన్నీ కలిపి యూనిట్‌కు ఎనిమిదిన్నర రూపాయలు పడినట్లు. ఆ లెక్కన 731 రూపాయలు ఇచ్చేస్తే బిల్లు మాట ముగుస్తుంది. స్లాబుల వల్ల పదో ఇరవయ్యో అటూ ఇటూ అయినా ఫరవాలేదు. అందుకోసం 20,000 ఆగిపోకూడదు. నీటి పన్ను మన వంతు అయితే దాన్నీ ఇలాగే తేల్చుకోవాలి.

ఆ తరువాత ఒక తెల్ల కాగితం మీద అడ్వాన్సు ఎంత, ఏ ఏ పద్దు కింద ఎంత కోత, మిగిలింది ఎంత, తాళాలు ఎన్ని అప్పగించాము, మీటరు రీడింగు ఎంత అన్నది రాసి ఇద్దరూ సంతకాలు చేయాలి. మరమ్మతు పేరుతో కోత పెడితే పనివాడి బిల్లు చూపించమని అడగండి. డబ్బు ఖాతాలో పడిన సందేశం చూసే వరకు 'మొత్తం ముట్టింది' అన్న కాగితం మీద సంతకం చేయవద్దు. ఒప్పందం అసలు పత్రాన్ని తిరిగి ఇచ్చివేయవద్దు.

డబ్బు ఇవాళ లేదని యజమాని అంటే ఏమి చేయాలి? తాళాలు ఇవ్వకుండా పట్టుకొని కూర్చోమని కొందరు చెబుతారు. నా ఉద్దేశంలో అది మంచిది కాదు, ఎందుకంటే తాళం మన దగ్గర ఉన్నన్ని రోజులూ ఇల్లు మన స్వాధీనంలోనే ఉన్నట్లు అద్దె లెక్కకట్టడానికి అవకాశం ఇస్తాము. దానికి బదులు తాళాలు ఇచ్చి, ఇంత మొత్తం ఫలానా తేదీలోగా ఇవ్వాలని ఆయన చేత్తో రాయించుకొని, వీలైతే ఆ తేదీ వేసిన చెక్కు తీసుకోండి. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల లోపు బ్యాంకులో వేయాలి. ఖాతాలో డబ్బు లేక అది తిరిగి వస్తే, బ్యాంకు సమాచారం అందిన 30 రోజులలో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి; నోటీసు అందిన తరువాత 15 రోజులలో చెల్లించకపోతే, ఆపైన నెల రోజుల లోపు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 138వ సెక్షను కింద ఫిర్యాదు చేయవచ్చు. ఈ గడువులు కచ్చితమైనవి.

వెళ్లిపోయిన తరువాత డబ్బు రాకపోతే

ఫోన్లు చేస్తూ నెలలు గడపవద్దు; నేను చేసిన పొరపాటు అదే. రెండుసార్లు అడిగినా రాకపోతే ఉత్తరం రాయాలి. ఆయనకు చదవడం వచ్చిన భాషలో, మరాఠీలో గాని హిందీలో గాని రాయించండి. ఉత్తరం పొడుగ్గా ఉండనక్కరలేదు. "తమరి ఇంటిని ఫలానా తేదీన ఖాళీ చేసి తాళాలు అప్పగించాను. నేను కట్టిన డిపాజిట్ 20,000 రూపాయలు. కరెంటు బిల్లు 731 పోగా 19,269 రూపాయలు నాకు రావలసి ఉన్నాయి. ఈ ఉత్తరం అందిన 15 రోజులలో కింది ఖాతాకు పంపగలరు. అలా పంపని పక్షంలో ఈ తేదీ నుంచి వడ్డీతో సహా చట్టప్రకారం రాబట్టుకోవలసి వస్తుంది" అంటే చాలు. వడ్డీ అడుగుతున్నట్లు రాతపూర్వకంగా తెలియజేసిన తేదీ నుంచి వడ్డీ ఇప్పించే అధికారం వడ్డీ చట్టం, 1978 కింద కోర్టుకు ఉంది కాబట్టి ఆ మాట తప్పక రాయాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. అందువల్ల స్పీడ్ పోస్టులో, అందినట్లు రుజువు వచ్చే విధంగా పంపి, ఆ రశీదును ఉత్తరం నకలుతో కలిపి ఉంచండి. వాట్సాప్ సంభాషణలను చెరపవద్దు. అవి ఉన్న పాత ఫోన్‌ను అమ్మేయవద్దు. భారతీయ సాక్ష్య అధినియమం, 2023, 63వ సెక్షను ప్రకారం వాటిని ధ్రువపత్రంతో సహా కోర్టులో దాఖలు చేయవచ్చు.

పోలీసు స్టేషనుకు వెళ్లాలని చాలామందికి అనిపిస్తుంది. అడ్వాన్సు ఇవ్వకపోవడం సివిల్ తగాదా కాబట్టి అక్కడ సాధారణంగా పని జరగదు. మన సామాను లోపల ఉండగా వేరే తాళం వేసినా, బెదిరించినా మాత్రం సంగతి వేరు. అప్పుడు ఆలస్యం చేయకుండా ఫిర్యాదు ఇవ్వాలి.

ఇటువంటి చిన్న మొత్తాలకు నేను అన్నిటికంటే నమ్మే దారి న్యాయ సేవాధికార సంస్థ. చంద్రపూర్‌లో దాని బోర్డు మీద 'విధీ సేవా ప్రాధికరణ్' అని మరాఠీలో ఉంటుంది. కోర్టులో కేసు వేయకముందే అక్కడ దరఖాస్తు ఇచ్చి, యజమానిని పిలిపించి, లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించవచ్చు. దానికి కోర్టు ఫీజు ఉండదు. మహిళలకు, షెడ్యూల్డ్ కులాల, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. గనులలో, మిల్లులలో పనిచేసే మన కుటుంబాలలో చాలామందికి ఇది అందుబాటులో ఉన్నా ఎవరూ అడగరు. ముందుగా 15100 నంబరుకు ఫోన్ చేస్తే ఎక్కడికి వెళ్లాలో, ఏ కాగితాలు తేవాలో చెబుతారు. రాజీ కుదరకపోతే సివిల్ దావా వేయడానికి, డబ్బు ఇవ్వవలసిన తేదీ నుంచి మూడేళ్ల గడువు ఉంటుంది.

లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. అందుకే అక్కడ రాసే కాగితంలో 'త్వరలో ఇస్తారు' వంటి మాటలకు ఒప్పుకోకండి. ఎంత మొత్తం, ఏ తేదీలోగా, ఏ ఖాతాలో వేయాలో అంకెలతో రాయించి, ఖాతా నంబరును పాసు పుస్తకం పక్కన పెట్టుకొని సరిచూసుకొని, ఆ తరువాతే సంతకం చేసి తిరుగు రైలు ఎక్కండి.